కడిగినా పోని సాయా

నేల కింద గ్యాస్ వెతికే పనిలో నా సగం జీవితం గడిచింది. ఇప్పుడా పనిలో చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడూ ఫోన్ చేసి, మీ రోజుల్లో డేటా శుభ్రం చేయడానికి నెలలు పట్టేదట కదా మేడమ్, మాకు మధ్యాహ్నం టీ లోపల అయిపోతోంది అంటారు. సంతోషమే. మీ కంప్యూటర్లు చల్లగా ఉండాలి. కానీ డేటా మరీ శుభ్రంగా వచ్చిందంటే నాకు భయమేస్తుంది. ఎందుకు భయమో చెప్తాను. విన్నాక నన్ను మూఢురాలు అంటే అనండి. ఛత్రినాకలో పాలమ్మే ఇంట్లో పుట్టి ఈ ఉద్యోగం దాకా వచ్చేసరికి అంతకంటే పెద్ద మాటలే పడ్డాను, అన్నింటికీ జవాబూ చెప్పాను.

మా ఆఫీసు హైదరాబాద్ పాతబస్తీలో, యాకుత్‌పురా స్టేషనుకు దగ్గర్లో, నవాబుల కాలం నాటి ఒక దేవిడీ పై అంతస్తులో ఉండేది. మాది చమురు కంపెనీ కాదు. కంపెనీలు నేలను కొలిచి తెచ్చిన డేటాను కూలికి చూసిపెట్టే చిన్న సంస్థ. అక్కడ అద్దె తక్కువ, గోడలు మూరెడు మందం, ఎండాకాలంలో కూడా యంత్రాలు వేడెక్కవు. తెరలున్న గదిలో కిటికీలకు నల్ల పరదాలు వేసి ఉండేవి, రంగుల్లో చిన్న తేడా కనబడాలంటే చీకటి కావాలి. బయట పట్టపగలు గాజుల బండి, కూరగాయల బండి అరుస్తూ పోతుంటే మేము లోపల చీకట్లో కూర్చుని, ఎక్కడో గోదావరి డెల్టాలో పొలాల కింద ఏముందో చూస్తుండేవాళ్ళం. రైలు వెళ్ళినప్పుడల్లా టేబుల్ మీద గ్లాసులో నీళ్ళు వణికేవి.

మా మేనేజర్ గారు కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి. ఎంత కోపమొచ్చినా 'అండి' వదలరు. ఆయన తిడుతుంటే సన్మానపత్రం చదువుతున్నట్టుండేది. నాకు డేటా సిద్ధం చేసి ఇచ్చేది మా సీనియర్. కిషన్‌బాగ్ నుంచి స్కూటర్ మీద వచ్చేవారు, అందరం భాయ్‌సాబ్ అనేవాళ్ళం. యూనివర్సిటీలో బంగారు పతకం తెచ్చుకున్న మనిషి, ఆ సంగతి మేమెక్కడ మరిచిపోతామోనని రోజూ గుర్తుచేసేవారు. మడత నలగని తెల్ల చొక్కా, అత్తరు. ఆయన కంటే ముందు ఆ వాసన గదిలోకి వచ్చేది.

ఆ డేటా చూసి నేల కింద ఏముందో చెప్పడం నా పని. భూమిలో చిన్న చిన్న పేలుళ్ళు చేస్తారు. ఆ చప్పుడు లోపలికి పోయి, రాతి పొరలకు తగిలి తిరిగొస్తుంది. పొరలో నీళ్ళుంటే ఒక రకంగా వస్తుంది, గ్యాస్ ఉంటే ఇంకో రకంగా వస్తుంది. మా బాపు పాల క్యాను మూత తీసి నురగ చూసి, అందులో నీళ్ళెంత కలిశాయో చెప్పేవాడు. నేను ఇంత చదువు చదివి చేసింది కూడా అదే, కాకపోతే కాస్త లోతులో.

ఈ కథ ఒక పాత గ్యాస్ క్షేత్రానిది. అక్కడ చాలా ఏళ్ళుగా గ్యాస్ తీస్తున్నారు. మొదట్లో ఒకసారి నేలను కొలిచారు, ఏళ్ళ తర్వాత అదే చోట మళ్ళీ కొలిచారు. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే మిగిలేది మార్పు. గ్యాస్ పోయి నీళ్ళు చేరిన చోట తెర మీద రంగు కనబడుతుంది, ఏమీ మారని చోట తెల్లగా ఉంటుంది. ఇంకా గ్యాస్ ఎక్కడ మిగిలిందో మేము చెప్తే అక్కడ కొత్త బావి తవ్వుతారు. మా చిన్న సంస్థకు అంత పెద్ద పని రావడం అదే మొదలు. ఇది బాగా చేస్తే అందరి ఉద్యోగాలూ నిలుస్తాయని మేనేజర్ గారు టీ తాగిన ప్రతిసారీ అనేవారు.

ఒక మధ్యాహ్నం మొదటిసారి ఆ తీసివేత చేశాం. లోతులో, గ్యాస్ ఉండే ఇసుక పొరలో, రావలసిన చోటే రంగు వచ్చింది. అక్కడి నుంచి బొమ్మను పైకి జరుపుతూ వచ్చాను. తెల్లగా ఉంది, తెల్లగానే ఉంది. నేలకు దగ్గరగా వచ్చేసరికి, ఏమీ ఉండకూడని చోట, ఒక మరక కనబడింది. అడుగున సన్నగా మొదలై, పైకి వచ్చేకొద్దీ వెడల్పయి, అక్కడ కాస్త ముందుకు వంగింది. భుజాలు వంచుకుని నిలబడ్డ మనిషిలా ఉంది.

నా వెనక నిలబడ్డ భాయ్‌సాబ్ నెమ్మదిగా, "సాయా హై," అన్నారు.

సాయా అంటే నీడ. ఎవరికైనా గాలి సోకిందని చెప్పడానికి కూడా పాతబస్తీలో ఆ మాటే వాడతాం. ఛత్రినాకలో మా ఇళ్ళల్లో కూడా, పిల్లవాడు ఉలిక్కిపడి లేస్తుంటే వాడి మీద సాయా ఉన్నది అనేవాళ్ళు. భాయ్‌సాబ్ ఏ అర్థంలో అన్నారో నేను అడగలేదు. మేనేజర్ గారు మాత్రం పెద్దగా నవ్వారు. ఆ రోజు నుంచి ఆఫీసులో దాని పేరు అదే. పొద్దున్నే వచ్చి, జ్వరం తగ్గిందా అని అడిగినట్టు, సాయా పోయిందాండి అని అడిగేవారాయన.

ఇంకో సంగతి. సాయంత్రం మగ్రిబ్ అజాన్ వినబడగానే భాయ్‌సాబ్ ఆ బొమ్మ ఉన్న తెర ఒక్కటీ ఆపేసేవారు. మిగతా తెరలు నడిచేవి. ఈ వేళప్పుడు దాన్ని చూడొద్దు అనేవారు, అంతకు మించి చెప్పేవారు కాదు. దీపాలు పెట్టే వేళ మా అమ్మ కూడా గడప మీద కూర్చోనిచ్చేది కాదు. కానీ మా అమ్మ జియోఫిజిక్స్‌లో బంగారు పతకం తెచ్చుకోలేదు కదా అని నేను దెప్పేదాన్ని. ఆయన నవ్వేవారు, తెర మాత్రం మళ్ళీ వెలిగించేవారు కాదు.

మరక వచ్చిందంటే కడగాలి. మేము ఆ పనిని కడగడమనే అనేవాళ్ళం. రెండు కొలతల మధ్య ఏళ్ళు గడిచాయి, పరికరాలు మారాయి, ఒకసారి పొలాల్లో నీళ్ళున్నాయి, ఇంకోసారి ఎండి ఉన్నాయి. ఇవన్నీ డేటాలో మరకలవుతాయి. అందుకని కంప్యూటర్‌కు ఒక మాట చెప్తాం. గ్యాస్ పొరకు పైనున్న నేల మారదు కాబట్టి అక్కడ రెండు కొలతలూ ఒక్కలాగే ఉండాలి అని. అది రెండోదాన్ని లాగి, నొక్కి, మొదటిదానితో సరిపోయేలా సర్దుతుంది. అంటే ఇక్కడ ఏమీ మారలేదని ముందే ఒప్పుకుని, ఆ తర్వాత మార్పు కోసం వెతకడం. పుస్తకాల్లో అలాగే రాసి ఉంది. అందరూ అలాగే చేసేవారు. మీరూ చేస్తున్నారు.

మొదటిసారి కడిగితే అది పలచబడింది. మేనేజర్ గారు ఇంకాస్త గట్టిగా కడగమన్నారు. భాయ్‌సాబ్ ఆ ప్రాంతాన్ని ముక్కలు ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కను విడిగా కడిగారు. ఈసారి పూర్తిగా పోయింది. నేల దగ్గర తెర పాలలా తెల్లగా ఉంది. మేనేజర్ గారు అందరికీ మిర్చి బజ్జీలు తెప్పించారు. నేనూ రెండు తిని, చేతులు కడుక్కుని వచ్చి, ఇక పని మొదలుపెడదామని కింద గ్యాస్ పొర తెరిచాను.

అక్కడుంది. అంతకుముందు చక్కగా ఉన్న రంగు మధ్యలో ఒక రంధ్రం, అవే వంగిన భుజాలతో. పైన కడిగితే కింద తేలింది.

ఇది డేటా చేసే మోసమని నాకు తెలుసు. పైన లేని సరిపోలిక బలవంతంగా తెస్తే ఆ బలవంతం కింద ఎక్కడో కనబడుతుంది. అయినా కుర్చీ దగ్గరికి లాక్కుని చూశాను. ఆ ఆకారం కిందున్న పొరలన్నీ కొద్దిగా కుంగి ఉన్నాయి. పరుపు మీద ఎవరో కూర్చుంటే పడే గుంటలాగా. కూర్చున్నవాళ్ళను మేము కడిగేశాం, గుంట మిగిలింది. బయట ఎవరో టమాటాలు బేరమాడుతున్నారు. అబద్ధమెందుకు, భయపడ్డాను.

భాయ్‌సాబ్ అప్పుడు ఒక పని చేశారు. ఈ చప్పుళ్ళు చాలా మంద్రంగా ఉంటాయి, మామూలుగా చెవికి వినబడవు. వాటి వేగం పెంచితే వినవచ్చు. రెండో కొలతను కడగకముందున్న డేటా తీసి, వేగం పెంచి, నా చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టారు. క్షేత్రమంతా ఇసుక జల్లిస్తున్నట్టు ఒకటే సన్నటి మోత. సాయా ఉన్న చోటికి రాగానే ఆ మోతను ఏదో మింగేసినట్టు ఆగింది. ఎవరో గుటక వేశారు. కాసేపాగి మళ్ళీ వేశారు. నేను హెడ్‌ఫోన్లు తీసి టేబుల్ మీద పెట్టాను, ఆ పూట మళ్ళీ ముట్టుకోలేదు.

నాకు భయమేస్తే కోపమొస్తుంది. మర్నాడు ఆయన మీద విరుచుకుపడ్డాను. "మీరు సాయా అని పేరు పెట్టిన్రు భాయ్‌సాబ్. పేరు పెట్టినంక ఇగ ఎవ్వరికి ఫికర్ లేదు. అందరు నవ్వుతున్నరు, ఏందని అడుగుతలేరు."

ఆయన ఏమీ నొచ్చుకోలేదు. "అట్లైతే మీరే చెప్పుండ్రి మేడమ్. ఏందది?"

"గ్యాస్," అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాకే నాకూ నమ్మకం కుదిరింది. గ్యాస్‌లో చప్పుడు నెమ్మదిగా నడుస్తుంది. దాని గుండా వెళ్ళి వచ్చిన ప్రతి జవాబూ ఆలస్యంగా వస్తుంది, అందుకే కింద పొరలన్నీ కుంగినట్టు కనబడుతున్నాయి. మరి అంత పైన గ్యాస్ ఎక్కడిది? ఊళ్ళ మ్యాపు తెచ్చి ఆ బొమ్మ మీద పరిచాం. అడుగున సన్నగా ఉన్న చోట, సరిగ్గా పాదాల దగ్గర, ఎప్పుడో మూసేసిన పాత బావి ఉంది. దాని గొట్టం చుట్టూ పోసిన సిమెంట్ ఎక్కడో పగిలి ఉండాలి. ఆ సందులోంచి గ్యాస్ ఎక్కి వచ్చి పైన ఇసుకలో చేరింది. దాని భుజాల మీద ఒక చిన్న పేట ఉంది, కూలి చేసుకునేవాళ్ళ ఇళ్ళు, వాటి మధ్య ఒక అంగన్‌వాడీ. కొత్త బావి తవ్వాలనుకున్న స్థలం ఆ పేటను ఆనుకునే ఉంది.

మేనేజర్ గారు మ్యాపు చూసి చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. మీరు చెప్పేది నిజమే అయ్యుండొచ్చండి, కానీ మనల్ని అడిగింది కింద పొర గురించి కదండి, అన్నారు. అయినా కంపెనీకి ఉత్తరం రాశారు. చెడ్డ మనిషి కాదు, భయస్తుడు, అంతే. పాత బావి నిబంధనల ప్రకారమే మూశామని, దయచేసి అప్పగించిన పని మీద దృష్టి పెట్టమని జవాబు వచ్చింది. నేను ఊరుకోలేక, కొలత తీసిన బృందంలో ఒకాయనను పట్టుకుని ఆ పేటలో ఎవరైనా తెలుసా అని అడిగాను. అప్పట్లో తమ కేబుళ్ళు అంగన్‌వాడీ వరండాలో పెట్టుకున్నామని చెప్పి ఆ టీచర్ నంబరు ఇచ్చాడు. చేస్తే ఆమె ఎత్తలేదు.

ఆ తర్వాతి ఆదివారం మా వైపు బోనాలు. నేను పొద్దున్నే బోనమెత్తి, అమ్మవారికి సమర్పించి, పసుపు కాళ్ళతోనే ఆఫీసుకు వెళ్ళాను. సోమవారం నివేదిక పంపాలి, ఒక్క రెండు గంటలు రమ్మని మేనేజర్ గారు బతిమాలారు. ఛత్రినాక నుంచి యాకుత్‌పురా దాకా సందులన్నీ జనం, డప్పులు, వేపాకు వాసన. ఆఫీసులో ఎవరూ లేరు, చీకటి గదిలో మేం ముగ్గురమే. డప్పులు దగ్గరికొచ్చినప్పుడు ఆ మందపాటి గోడలు కూడా అదిరేవి. పొద్దు వాలుతుండగా నా ఫోన్ మోగింది. అంగన్‌వాడీ టీచర్. లోన్ వాళ్ళేమో అనుకుని ఇన్నాళ్ళూ ఎత్తలేదండి, ఏమీ అనుకోకండి, అంది.

మీ పేటలో నీళ్ళు ఏమైనా మారాయా అమ్మా అని అడిగాను. ఆమె గొంతు తగ్గించి, "మీకెవరు చెప్పారండీ?" అంది.

ఆమె చెప్పింది ఇది. అంగన్‌వాడీ ముందు ఒక చేతిపంపు ఉంది. కొన్నాళ్ళుగా ఎవరూ కొట్టకుండానే అది గుటకలు వేస్తోంది. మధ్యాహ్నం పేట సద్దుమణిగితే పిల్లలు పాట ఆపేసి దాన్నే వింటున్నారు. నీళ్ళు నురగ కడుతున్నాయి. మొదట్లో కంపెనీవాళ్ళను పిలిచారు. ఇద్దరు వచ్చి, పాత బావి ఎప్పుడో మూసేశాం, ఇక్కడ గ్యాస్ లేదు అని చెప్పి వెళ్ళారు. గ్యాస్ కాకపోతే ఇంకేముంటుంది? దయ్యమన్నారు. పంపుకు వేపకొమ్మలు కట్టారు. అప్పటికీ గుటకలు ఆగకపోతే, దాన్ని అమ్మవారిగా నిలుపుకుంటే శాంతిస్తుందని, పంపు చుట్టూ ఒక చిన్న గది కట్టి రేకు తలుపు పెట్టారు. లోపల గోడలు పూస్తున్న మేస్త్రీ స్పృహ తప్పి పడిపోయాడు. బయటికి లాక్కొచ్చాక, గుండెల మీద ఎవరో కూర్చున్నారన్నాడట. దాంతో పెద్దలు ఇక ఆలస్యం చేయకూడదని, ఈ రోజే, దీపాలు పెట్టే వేళకు లోపల దీపం వెలిగించాలని తీర్మానించారు.

"మొదటి దీపం నన్నే పెట్టమన్నారండి. అంగన్‌వాడీ ఎదురుగా ఉంది కదాని. ఆడోళ్ళూ పిల్లలూ అందరూ వచ్చి కూర్చున్నారప్పుడే," అంది.

మూసిన గది, లోపల ఎన్నాళ్ళుగానో చేరుతున్న గ్యాస్, దాంట్లోకి వెలుగుతున్న వత్తి. "అమ్మా, అది గ్యాస్. దీపం పెడితే గది పేలుతది. పెట్టకుండ్రి, ఎవ్వరిని పెట్టనియ్యకుండ్రి," అన్నాను.

"నేను చెప్తే వింటారాండీ? కంపెనీవాళ్ళే గ్యాస్ లేదని చెప్పి వెళ్ళారు కదండీ."

మేనేజర్ గారు అప్పటికే ఇంకో ఫోన్ అందుకున్నారు. కంపెనీ స్థానిక ఆఫీసులో ఆదివారం డ్యూటీలో ఉన్నాయన, ఆఫీసరుకు చెప్పి బండి పంపిస్తాను, చీకటి పడ్డాక చేరుతుంది అన్నాడు. అగ్నిమాపక కేంద్రానికి చేస్తే మంట అంటుకుందా అని అడిగారు. ఇంకా లేదంటే, వస్తాం కానీ కాలువ చుట్టూ తిరిగి రావాలన్నారు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి, మంట అంటుకున్నాక మీరెందుకండీ అని అరిచారు. అప్పుడు కూడా 'అండి' ఉంది.

పేట పెద్దకు ఫోన్ ఇవ్వమని టీచర్‌ను అడిగాను. ఆయనకు సిమెంట్ పగులు, ఇసుక, గ్యాస్ అన్నీ విడమరిచి చెప్పాను. మర్యాదగా విన్నాడు. అలాగేనమ్మా, ఈ వేళ దాటనియ్యండి, రేపు మీవాళ్ళను పంపండి చూద్దాం, అన్నాడు. నా వెనకాల నా చదువంతా నిలబడి ఉంది, ఒక్క వత్తిని ఆపలేకపోయింది. భాయ్‌సాబ్ చెయ్యి చాపి ఫోన్ తీసుకుని, మాకందరికీ వినబడేలా పెట్టారు.

"బాపూ, సలాం. నేను దాన్ని చూస్తున్న."

"ఏటి చూస్తున్నారండీ?"

"మీ పంపు కాడ ఉన్నదాన్ని. రోజు చూస్తున్న. మస్తు పెద్దగున్నది. మీ పేట మొత్తం దాని భుజాల మీద ఉన్నది."

పెద్దాయన గొంతు మారింది. "ఎక్కడ్నుంచి చూస్తున్నారండీ?"

"కింది నుంచి. మీరు పైన నిలబడ్డరు."

తెర మీద అది అలాగే ఉంది. భాయ్‌సాబ్ దాని వైపే చూస్తూ, తొందరపడకుండా చెప్పుకొచ్చారు. "పాత బాయి కాడికెళ్ళి ఎక్కొచ్చింది బాపూ. దానికి తలుపు పెడితే పడదు. వెలుగు చూపిస్తే అసలే పడదు. మూసి పెట్టినోళ్ళనే తీస్కపోతది. అగ్గిపుల్ల గూడ గియ్యకుండ్రి. తలుపు పీకి అవతల పారేసి, పిల్లల్ని తీస్కొని గాలికి ఎదురుగ దూరం పోండ్రి. దాన్ని పోనియ్యుండ్రి."

అప్పుడే కింద సందులోకి ఊరేగింపు వచ్చింది. డప్పులకు గోడలు అదిరాయి. ఆ చప్పుడు ఏమిటని పెద్దాయన అడిగాడు. ఇక్కడ అమ్మవారు పోతున్నది బాపూ అని భాయ్‌సాబ్ చెప్పారు. పెద్దాయన ఫోన్ టీచర్ చేతిలో పెట్టేసి, సమ్మెట తెమ్మని కేకేశాడు.

టీచర్ ఫోన్‌ను అంగన్‌వాడీ కిటికీలో వదిలేసి పిల్లల కోసం పరుగెత్తినట్టుంది. రేకు తలుపు మీద సమ్మెట దెబ్బలు విన్నాం. రేకు కింద పడిన చప్పుడు, ఆడవాళ్ళ కేకలు, పిల్లల ఏడుపులు, అన్నీ దూరమైపోవడం విన్నాం. తర్వాత ఏమీ లేదు. మా సందులో డప్పులు కూడా మలుపు తిరిగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో ఫోన్‌లోంచి ఒక గుటక వినబడింది. కాసేపాగి ఇంకొకటి. హెడ్‌ఫోన్లలో విన్నదే. మేనేజర్ గారు నా మొహం చూశారు, నేను భాయ్‌సాబ్ మొహం చూశాను. మసీదు నుంచి అజాన్ మొదలైంది. ఆయన లేచి తెర ఆపేశారు. ఆ రోజు నేను ఏమీ అనలేదు.

బండి చీకటి పడ్డాకే చేరిందట. గ్యాస్ కొలిచే మీటరు పట్టుకున్న కుర్రాడు గది దాకా పోనేలేదు, తలుపు పీకి అంతసేపైనా, దారిలోనే అది మోత మొదలుపెట్టింది. కొన్ని వారాల్లో కంపెనీ పాత బావిని తిరగదోడి కొత్త సిమెంట్ పోసింది, పేటను కాలువ అవతలికి మార్చింది, కొత్త బావి ఆలోచన మానుకుంది. సమస్య పరిష్కారమైందని కాగితం ఇచ్చింది. మా ఉద్యోగాలు నిలిచాయి. మేనేజర్ గారు ఆ కడిగే పద్ధతిని తన చేత్తోనే తీసేశారు. ఇక మీదట ఏం మారలేదో మనం ముందే చెప్పొద్దండి, దాన్నే చెప్పనిద్దామండి, అన్నారు.

భాయ్‌సాబ్‌తో మాత్రం నాకు ఇంకో జగడం మిగిలింది. అంత చదివి, ఆ అమాయకులకు దయ్యం కథ ఎట్లా చెప్పారని నిలదీశాను. ఆయన తొలిసారి నొచ్చుకున్నారు. నేను చెప్పినదాంట్లో ఒక్కటైనా అబద్ధం ఉందేమో లెక్కపెట్టమన్నారు. ఎంత వెతికినా నాకు దొరకలేదు. అయితే మీరు దేన్ని నమ్ముతారో చెప్పండి, గ్యాస్‌నా, సాయానా అని అడిగాను.

"గ్యాస్‌నే నమ్ముత మేడమ్," అన్నారు. చొక్కా చేతులు సర్దుకున్నారు. "కని గ్యాస్‌కు గా శకల్, గా మనిషి రూపం ఎందుకొచ్చిందో నాకు తెల్వది."

ఇది అయి చాలా ఏళ్ళయింది. మీలాంటి పిల్లలకు ఒక సంగతి తెలియాలి. సిమెంట్ పోస్తే కొత్తగా ఎక్కే గ్యాస్ ఆగుతుంది. అప్పటికే ఎక్కినది ఎక్కడికీ పోదు, ఆ పైన ఇసుకలోనే ఉంటుంది. అది తగ్గిందో, పక్కకు జరిగిందో తెలియాలంటే మూడోసారి కొలవాలి. అది ఖర్చుతో కూడిన పని, ఎవరూ కొలవలేదు. దాన్ని చూస్తున్నవాళ్ళం మేమే, మేము కూడా రిటైరైపోయాం.

ఈ మధ్య ఆ టీచర్ ఫోన్ చేసింది. ఆమెకు జుట్టు నెరిసిందట. పాత పేట స్థలం ఖాళీగా ఉంది కదండీ, ప్లాట్లు వేసి అమ్ముతున్నారు, అంది. దయ్యముందని చెప్తే కొనేవాళ్ళు నవ్వుతున్నారట, గ్యాస్ ఉందని చెప్తే కంపెనీ కాగితం చూపిస్తున్నారట. ఈసారి ఏమని చెప్పమంటారండీ, అని అడిగింది. నాకు తోచక, నేనే వస్తానన్నాను.

వెళ్ళాను. అన్నేళ్ళు చూసిన చోటు, పైనుంచి చూడడం అదే మొదలు. చదునైన నేల, రంగు వేసిన రాళ్ళు, గాలికి ఊగుతున్న రెల్లు. చూడడానికి ఏమీ లేదు. నాకు మాత్రం అరికాళ్ళు నేల మీద ఆనించడం కష్టమైంది. నా కింద ఎంత లోతులో భుజాలు మొదలవుతాయో నాకు తెలుసు.

ఒక యువజంట టేపుతో ప్లాటు కొలుచుకుంటోంది. హైదరాబాద్‌లో ఉద్యోగాలట, చదువుకున్న పిల్లలు. అతను ఒక చివర పట్టుకున్నాడు, ఆ అమ్మాయి ఇంకో చివర పట్టుకుని ఇక్కడి దాకా వంటిల్లు అని చూపిస్తోంది. నేను నా పేరూ ఒకప్పటి ఉద్యోగమూ చెప్పి, తెలిసిందంతా చెప్పాను. అతను చాలా మర్యాదగా విన్నాడు. ఆ ఆదివారం పేట పెద్ద విన్నట్టే విన్నాడు. తర్వాత ఫోన్ తీసి, అన్నీ క్లియర్‌గా ఉన్నాయి ఆంటీ అని కాగితం చూపించాడు.

పొద్దు కుంకుతోంది. ఇక వెనక్కి తిరిగిపోవలసిందే. ఆ అమ్మాయి టేపు చివర పట్టుకుని, వంటిల్లు రాబోయే మూల నిలబడి, నావైపే చూస్తోంది. జీవితమంతా ఇలాంటి మాట అన్నవాళ్ళతో జగడమాడినదాన్ని. నోరు నా మాట వినలేదు.

"ఇది దీపం పెట్టే జాగ కాదు బిడ్డా," అన్నాను.

ఆమె చేతిలోంచి టేపు జారింది. అది జర్రున నేల మీద పాకుతూ వెళ్ళి అతని చేతిలో ముడుచుకుంది.